మెషిన్ ముట్టుకోకుండానే 61 గంటలు: పదిమంది పంచుకునే కంప్యూటర్‌లో రోజువారీ లెక్క ఎలా పడుతుంది

జులై చివర్లో ఒక సోమవారం పొద్దున్న మా ల్యాబ్ తలుపు మీద కాగితం అంటించారు. వారాంతంలో సర్వర్‌ని ఎవరెంత వాడారో అందులో ఉంది. అన్నిటికన్నా పైన ఉన్న పేరుకి ఎదురుగా 61 గంటలు. ఆ కుర్రాడు ఎంసీఏ చదువుతున్నాడు, నెల్లిమర్ల అవతల పల్లె నుంచి రోజూ బస్సులో విజయనగరం వస్తాడు. కాగితం చూసి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చేశాడు.

"సార్, శనాదివారాలు ఊళ్ళో ఉభాలు. పొలంలోనే ఉన్నాను. మెషిన్ ముట్టుకోలేదు. మరి 61 గంటలేటి సార్?"

అతని వెనకాలే ఇంకో ఇద్దరు నిలబడ్డారు. వాళ్ళ బాధ వేరు. ఆ రెండు రోజులూ సర్వర్ నత్తనడక నడిచింది. దానికి ఈ 61 గంటల మనిషే కారణమని వాళ్ళు అప్పటికే తేల్చేసుకున్నారు.

తమాషా ఏమిటంటే, కాగితంలో అంకె తప్పు కాదు. కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. సర్వర్ నెమ్మదించిన మాటా నిజమే. ఈ మూడూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో తెలియాలంటే, అందరూ అకౌంటింగ్ అనే ఈ వాడకం లెక్కని కంప్యూటర్ ఎప్పుడు రాస్తుందో, ఏది రాసి ఏది వదిలేస్తుందో చూడాలి.

ఒక్క మెషిన్, అరవై మంది

మా ల్యాబ్‌లో బల్లల మీద ఉన్నవి పాత కంప్యూటర్లు. తెరకి, కీబోర్డుకి తప్ప వాటితో పెద్ద పని లేదు. అందరూ వాటి మీంచి ఒకే లైనక్స్ సర్వర్‌లోకి లాగిన్ అవుతారు. దానికి 16 కోర్లు, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు. ఒక కోరు ఒక క్షణంలో ఒక్క పనే చేస్తుంది. కానీ సెకనుని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఇతనికో ముక్క, అతనికో ముక్క వడ్డిస్తూ పోతుంది. ముక్కలు ఎంత చిన్నవంటే, ప్రతివాడికీ మెషిన్ మొత్తం తనదే అనిపిస్తుంది.

ఇది 1961 నాటికే ఉన్న ఆలోచన. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో కోర్బటో బృందం ఆ ఏడాది సీటీఎస్ఎస్ అనే సిస్టమ్‌తో దీన్ని చేసి చూపించింది. అదే ఏడు అక్కడే కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ ఒక ప్రసంగంలో, టెలిఫోన్ లాగే కంప్యూటర్ శక్తి కూడా ఎప్పటికైనా జనానికి అందే సేవ కావచ్చన్నాడు. సేవ అన్నాక బిల్లు ఉంటుంది, బిల్లుకి మీటరు కావాలి. అప్పట్లో మెషిన్ల ఖరీదు లక్షల డాలర్లు, కాబట్టి ఏ విభాగం ఎన్ని సెకన్లు వాడిందో రాసుకోక తప్పేది కాదు. ఆ అలవాటే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి వచ్చింది. సిస్టమ్ ఫైవ్ యూనిక్స్‌లో అది పెద్ద తంతుగా పెరిగి, సోలారిస్, ఏఐఎక్స్ లాంటి వాటికి వారసత్వంగా అందింది. లైనక్స్‌కి వచ్చేసరికి అందులో కొంతే మిగిలింది.

ఇక్కడ ఒక చిన్న గుణింతం చేసి పెట్టుకుందాం. 16 కోర్లు, రోజుకి 24 గంటలు. అంటే మా సర్వర్ ఒక రోజులో ఇవ్వగలిగింది మొత్తం 384 కోర్ గంటలు. అంతకు మించి అది ఇవ్వలేదు. ఈ 384తో తర్వాత పని పడుతుంది.

గట్టు మీద నిలబడ్డ ట్రాక్టరు, తిరిగిన ఇంజిను

కుర్రాడికి అర్థమయ్యేలా చెప్పడానికి వాళ్ళ ఊరి భాషే దొరికింది. దమ్ముకి ట్రాక్టరుని గంటల లెక్కన మాట్లాడుకుంటారు కదా. పొద్దున్న 6కి పొలం దగ్గరికి వచ్చింది, సాయంత్రం 6కి వెళ్ళింది. అది 12 గంటలు. మధ్యలో డ్రైవరు టీ తాగాడు, భోజనం చేశాడు, కాలువ నీళ్ళు రావడం లేటయితే గట్టు మీద కూర్చున్నాడు. ఇంజిను నిజంగా తిరిగింది 5 గంటలే అనుకుందాం. యజమాని 12 అంటాడు, రైతు 5 అంటాడు. ఎవరూ దొంగలెక్క చెప్పడం లేదు. ఇద్దరూ వేర్వేరు సంగతులు కొలుస్తున్నారంతే.

సర్వర్‌లోనూ అంతే. లాగిన్ అయినప్పుడు ఒకటి, లాగౌట్ అయినప్పుడు ఒకటి చొప్పున డబ్ల్యూటీఎంపీ అనే ఫైలులో రికార్డులు పడతాయి. రెండిటికీ మధ్య తేడాయే కనెక్ట్ టైమ్. ఏసీ అనే కమాండ్ వాటిని కూడి మనిషికింత అని చూపిస్తుంది. మన తలుపు మీది కాగితం అదే. కుర్రాడు శుక్రవారం సాయంత్రం 6కి లాగిన్ అయ్యి, ఒక ప్రోగ్రామ్ కంపైల్ చేసి (అంటే మెషిన్ నడపగలిగే రూపంలోకి మార్చి) చూసుకుని, బస్సు వేళైందని తెర ఆపేసి పరిగెత్తాడు. లాగౌట్ అవ్వలేదు. సోమవారం పొద్దున్న 7కి ల్యాబ్ అటెండరు తలుపు తీసి, తెరిచి ఉన్న ఆ విండో మూసేశాడు. శుక్రవారం 6 నుంచి ఆదివారం 6కి 48, అక్కణ్ణుంచి సోమవారం 7కి 13. మొత్తం 61. అంకె సరిగ్గా సరిపోయింది. ట్రాక్టరు గట్టు మీద 61 గంటలు నిలబడి ఉంది.

ఇంజిను గంటల్ని సీపీయూ టైమ్ అంటారు. మన ప్రోగ్రామ్ కోసం కోరు నిజంగా పనిచేసిన సమయం అది. ఇందులో మళ్ళీ రెండు భాగాలు. ప్రోగ్రామ్ తన సొంత లెక్కలు చేసుకున్నది యూజర్ టైమ్. ఫైలు తెరువు, మెమరీ ఇవ్వు అని అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నెల్ దానికోసం చేసింది సిస్టమ్ టైమ్. ఈ లెక్కన ఆ వారాంతంలో కుర్రాడి వాడకం 3 సెకన్లు.

సీపీయూ టైమ్ గడియారం కంటే ఎక్కువ కూడా అవ్వొచ్చు. చాలామందికి ఇక్కడ తికమక. ఒకే ప్రోగ్రామ్ 8 థ్రెడ్‌లుగా విడిపోయి 8 కోర్ల మీద 20 నిమిషాలు పూర్తిగా నడిస్తే, గడియారంలో 20 నిమిషాలు, సీపీయూ లెక్కలో 160 నిమిషాలు. ఎనిమిది మంది కూలీలు ఒక పూట చేస్తే ఎనిమిది పూటల కూలి ఇచ్చినట్టే ఇది.

వీటికి తోడు ఇంకో రెండు చిట్టాలు ఉంటాయి. డిస్క్‌ది ఫొటో తీసినట్టు ఉంటుంది. ఏ రాత్రి ఫొటో తీస్తే ఆ రాత్రి ఎవరి ఫైళ్ళు ఎంత చోటు పట్టాయో అదే లెక్క. ఆ సంగతి తెలిసినవాడు పది గంటలకి ఫైళ్ళు వేరే చోటికి పంపేసి, పొద్దున్న మళ్ళీ తెచ్చుకుంటాడు. రెండోది ఫీజు. పోయిన ఫైలుని బ్యాకప్ నుంచి తెచ్చి ఇవ్వడం లాంటి పనులకి అడ్మిన్ చేత్తో వేసే రుసుము. సిస్టమ్ ఫైవ్‌లో దానికి ఛార్జ్‌ఫీ అనే కమాండే ఉంది. మన కాలేజీల్లో దాన్ని వాడినవాళ్ళని నేను చూడలేదు.

ప్రోగ్రామ్ ముగిసినప్పుడు పడే 64 బైట్లు

సీపీయూ లెక్క రాసేది కెర్నెల్. అక్టాన్ అనే కమాండ్‌తో ఒకసారి మొదలుపెట్టమని చెబితే, అప్పట్నుంచి సర్వర్‌లో ఏ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ముగిసినా పీఅక్ట్ అనే ఫైలు చివర ఒక చిన్న రికార్డు చేరుస్తుంది. ఇప్పటి లైనక్స్‌లో దాని సైజు 64 బైట్లు. ఎవరి ఖాతా, ఏ టెర్మినల్, ఎప్పుడు మొదలైంది, గడియారంలో ఎంతసేపు నడిచింది, యూజర్ టైమ్ ఎంత, సిస్టమ్ టైమ్ ఎంత, చివరికి ఏ కోడ్‌తో ముగిసింది, కమాండ్ పేరు. ముఖ్యమైనవి ఇవే.

కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని లాస్ట్‌కమ్ కమాండ్ కొట్టాను. శుక్రవారం సాయంత్రం అతను చేసిన పని వరసగా తెర మీద పడింది. తాను కొట్టింది జీసీసీ అనే కంపైలర్ కమాండ్ ఒక్కటే కదా, ఇన్ని లైన్లేమిటని ఆశ్చర్యపోయాడు. జీసీసీ ఒంటరిగా పనిచేయదు. అసలు కంపైల్ చేసే సీసీ1ని, తర్వాత అసెంబ్లర్‌ని, కలెక్ట్2ని, లింకర్ అయిన ఎల్‌డీని పిలుస్తుంది. ఒక్క కంపైల్‌కి ఐదు రికార్డులు. అందులో సీసీ1కి సెకనులో కొంత భాగం, మిగిలిన వాటికి దాదాపు సున్నా. తర్వాత అతని సొంత ప్రోగ్రామ్. దాని పక్కన ఎక్స్ అనే అక్షరం. ఏదో సిగ్నల్ వచ్చి మధ్యలో ఆగిపోయిందని దానర్థం. "అది లూప్‌లో ఇరుక్కుంది సార్, కంట్రోల్ సీ కొట్టాను" అన్నాడు సిగ్గుపడుతూ. ఇలాంటి గుర్తులు ఇంకా ఉన్నాయి. డీ ఉంటే కోర్ డంప్ చేసింది, అంటే కూలిపోతూ తన మెమరీని ఫైలులో పడేసింది. ఎస్ ఉంటే రూట్ అనే పూర్తి అధికారంతో నడిచింది, ఎఫ్ ఉంటే ఫోర్క్ అయి ఇంకో ప్రాసెస్‌కి నకలుగా పుట్టింది కానీ కొత్త ప్రోగ్రామ్‌గా మారలేదు.

ఇంత సన్నగా రాస్తే ఫైలు పెరగదా? పెరుగుతుంది. అరవై మంది కంపైల్ చేసుకునే రోజున 2 లక్షల ప్రాసెస్‌లు ముగిశాయనుకోండి. 64తో గుణిస్తే కోటీ 28 లక్షల బైట్లు, అంటే 13 మెగాబైట్ల లోపు. ఈ కాలంలో అదేం పెద్ద బరువు కాదు. కానీ 1970లలో డిస్క్‌లు చిన్నవి. అందుకే అంకెల్ని ఇరికించి రాసే పద్ధతి ఒకటి పెట్టారు, అది ఇప్పటికీ ఉంది. సీపీయూ టైమ్‌ని 16 బిట్లలో దాస్తారు. 13 బిట్లు అంకెకి, 3 బిట్లు దాన్ని 8 యొక్క ఎన్నో ఘాతంతో హెచ్చించాలో చెప్పడానికి. సెకనులో నూరో వంతు చొప్పున కొలిస్తే, దాదాపు 82 సెకన్ల వరకు కచ్చితం. ఆ పైన మొదట 0.08 సెకన్ల మెట్లు, ఇంకా పెద్దవైతే ఇంకా పెద్ద మెట్లు. పెద్ద అంకెల్లో చిల్లర వదిలేయడం లాంటిది. దీనివల్ల ఎవరికీ నష్టం జరగదు కానీ, రెండు నివేదికల మొత్తాలు చివరి దశాంశం దాకా కలవకపోతే కంగారు పడక్కర్లేదు.

మెమరీ గడి మాత్రం ఇబ్బంది పెడుతుంది. పాత యూనిక్స్ నివేదికల్లో కేకోర్ నిమిషాలు అని ఒక కొలత ఉంటుంది. ఎన్ని కిలోబైట్లు వాడావో దాన్ని సీపీయూ నిమిషాలతో హెచ్చించడమే. 100 మెగాబైట్లతో 10 నిమిషాలు నడిస్తే 10,24,000. 2 గిగాబైట్లతో అర నిమిషం నడిస్తే 10,48,576. రెండూ ఇంచుమించు ఒకటే. చాలా చోటు కాసేపు వాడినా, కొంచెం చోటు చాలాసేపు వాడినా భారం ఒకటేనన్నది దీని వెనకున్న న్యాయం. కానీ లైనక్స్ ఆ గడిలో రాసేది సగటు కాదు. ప్రాసెస్ ముగిసే క్షణంలో దాని వర్చువల్ మెమరీ సైజు. ప్రోగ్రామ్ అడిగి ఉంచుకున్నదంతా అందులో కలుస్తుంది, నిజంగా ముట్టుకున్నా ముట్టుకోకపోయినా. చదివిన, రాసిన డేటా లెక్కలకి కూడా గడులున్నాయి. లైనక్స్ వాటిలో సున్నా పెట్టి ఊరుకుంటుంది. సున్నా చూసి "వీడు డిస్క్ వాడలేదు" అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

తెల్లవారుజామున రెండున్నరకి

రికార్డులు పడుతూ ఉండడం ఒక ఎత్తు, వాటిని మనిషి చదివే కాగితంగా మార్చడం ఇంకో ఎత్తు. సిస్టమ్ ఫైవ్ తరహా యూనిక్స్‌లలో ఈ రెండో పనిని రన్‌అక్ట్ అనే స్క్రిప్టు చేస్తుంది. దాన్ని, చెప్పిన వేళకి పనులు నడిపించే క్రాన్ చేత నడిరాత్రి దాటాక, రెండింటికో రెండున్నరకో నడిపించడం ఆనవాయితీ. అప్పుడైతే అడ్డొచ్చేవాళ్ళు తక్కువ.

నాకు ఈ స్క్రిప్టులో నచ్చేది దాని జాగ్రత్త. పనిని దశలుగా విడగొట్టుకుంటుంది. మొదట ఆనాటి ఫైళ్ళని పక్కకి తీస్తుంది. తర్వాత లాగిన్ రికార్డుల్లో గడియారం తేడాలుంటే సరిచేస్తుంది. మధ్యాహ్నం ఎవరైనా సర్వర్ టైమ్ గంట వెనక్కి తిప్పితే, ఆ పూట లాగిన్ అయి ఉన్నవాళ్ళ లెక్కలన్నీ పాడవుతాయి మరి. ఆ తర్వాత కనెక్ట్ లెక్క, ప్రాసెస్ లెక్క, రెండూ కలపడం, ఫీజు, డిస్క్, అన్నీ మొత్తం ఖాతాలోకి ఎక్కించడం, ఏ కమాండ్ ఎన్నిసార్లు వాడారో పట్టిక, చివరికి శుభ్రం చేయడం. ఒక్కో దశ మొదలుపెట్టేటప్పుడు ఎక్కడున్నానో ఒక చిన్న ఫైలులో రాసుకుంటుంది.

ఎందుకంటారా? మధ్యలో కరెంటు పోతే. మనవైపు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్ళం. మధ్యలో ఆగిన స్క్రిప్టుని మొదటి నుంచి నడిపితే, అప్పటికే ఖాతాలోకి ఎక్కినవి మళ్ళీ ఎక్కి రెండు బిల్లులవుతాయి. అందుకని ఆగిన దశ పేరు చెప్పి అక్కణ్ణుంచి నడిపించవచ్చు. ఒకే రోజు రెండోసారి నడపబోతే, ఈ తేదీ అయిపోయిందని మొరాయిస్తుంది కూడా. అయితే కరెంటు పోయిన క్షణంలో నడుస్తున్న ప్రాసెస్‌ల సంగతి వేరు. అవి మామూలుగా ముగియలేదు కాబట్టి వాటి 64 బైట్లు పడవు. ఆ పని జరిగిన ఆనవాలే ఉండదు.

డిస్క్ నిండినా ఇదే గతి. లైనక్స్ కెర్నెల్ మామూలు అమరికలో, పీఅక్ట్ ఉన్న డిస్క్‌లో ఖాళీ 2 శాతానికి పడిపోతే లెక్క రాయడం ఆపేస్తుంది. 4 శాతానికి పెరిగాక మళ్ళీ మొదలుపెడుతుంది. ఒకడు అదే డిస్క్‌లో ఫైళ్ళు కుమ్మరించి నింపేశాడంటే, ఆ తర్వాత వాడు చేసిన పనే లెక్కలోకి రాదు.

లైనక్స్‌లో రన్‌అక్ట్ అంత తంతు ఉండదు. రోజుకోసారి పీఅక్ట్ ఫైలుని పక్కనపెట్టి కొత్తది తెరవడం, ఎస్ఏ అనే కమాండ్‌తో మనిషికింత, కమాండ్‌కింత అని కూడుకోవడం. దీన్ని సార్ అనే ఇంకో కమాండ్‌తో కలిపేసి చాలామంది తికమకపడతారు. సార్ చూపించేది మెషిన్ మొత్తం ఏ వేళకి ఎంత బిజీగా ఉందో. ఎవరి వల్ల అన్నది అది చెప్పదు.

పగటి రేటు, రాత్రి రేటు, సిరిమాను రోజు

పాత పద్ధతిలో ఇంకో ముచ్చట ఉంది. నివేదికలో ప్రతి అంకెకీ రెండు గడులు, ప్రైమ్, నాన్ ప్రైమ్. అందరూ పనిచేసే వేళ వాడితే ఒక లెక్క, రాత్రీ సెలవురోజుల్లో వాడితే ఇంకో లెక్క. పెద్ద పనులు రాత్రికి పెట్టుకుంటే తక్కువ పడేలా రేటు వేసుకోవచ్చు. ఏ వేళ నుంచి ఏ వేళ దాకా ప్రైమ్ అన్నది, ఏయే తేదీలు సెలవులన్నది ఒక ఫైలులో ఏటేటా మనమే రాయాలి. శనాదివారాలు వాటంతటవే నాన్ ప్రైమ్.

కానీ మన సెలవులు ఆ సాఫ్ట్‌వేర్‌కి ఎలా తెలుస్తాయి? విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ఊరంతా కోట దగ్గరే ఉంటుంది, ల్యాబ్‌లో పురుగు ఉండదు. ఆ తేదీ ఏటా మారుతుంది. ఫైలులో రాయకపోతే, ఆ రోజు ఖాళీ మెషిన్ మీద బుద్ధిగా నడిపిన పనికి కూడా పగటి రేటే పడుతుంది.

384 పట్టే పాత్రలో 3,456

ఇప్పుడు అసలు చిక్కు. కుర్రాడు వాడింది 3 సెకన్లయితే, శనాదివారాలు సర్వర్‌ని నత్తలా చేసిందెవరు? శుక్రవారం నుంచి సోమవారం దాకా ఎస్ఏ నివేదికలన్నీ కూడాను. ఎవరి పేరు ఎదురుగానూ పెద్ద అంకె లేదు. లెక్క ప్రకారం సర్వర్ ఇంచుమించు ఖాళీ. టాప్ కమాండ్ తెరిచి చూస్తే మాత్రం 16లో 12 కోర్లు ఎర్రగా కాలుతున్నాయి.

అది ఒక మేడమ్ గారి పరిశోధన పని, ఒక సిమ్యులేషన్. జులై 22 పొద్దున్న 10కి మొదలైంది. 12 థ్రెడ్‌లు, నిర్విరామంగా. అది ఇంకా ముగియలేదు. ముగిస్తేనే కదా రికార్డు పడేది. హోటల్లో కూర్చున్నవాడు బయటికి వెళ్ళేటప్పుడే కౌంటర్ దగ్గర బిల్లు వేస్తారనుకోండి. పన్నెండు రోజులు లోపలే కూర్చుని తింటున్నవాడు ఏ రోజు కౌంటర్ పుస్తకంలోనూ కనిపించడు.

ఆగస్టు 3 పొద్దున్న 10కి ముగిసింది. మర్నాడు వచ్చిన రోజువారీ నివేదికలో ఆమె ఖాతా ఎదురుగా ఉన్న అంకె చూసి మా హెచ్‌ఓడీ గారు సాఫ్ట్‌వేర్ చెడిపోయిందన్నారు. 12 రోజులు అంటే 288 గంటలు. 12 థ్రెడ్‌లతో హెచ్చిస్తే 3,456. రోజుకి 384 గంటలు మాత్రమే ఇవ్వగల మెషిన్‌లో ఒకే మనిషి ఒకే రోజు 3,456 గంటలు వాడినట్టు! చెడిపోలేదు. పన్నెండు రోజుల బిల్లు ఒక్క రోజు మీద పడింది. ఆ పన్నెండు రోజుల్లో మెషిన్ ఇవ్వగలిగింది 4,608. అందులో 3,456 అంటే నాలుగింట మూడు వంతులు. ఇలా చూస్తే అంకె బుద్ధిగానే ఉంది, శనాదివారాల నత్తనడకకి కారణమూ తెలిసింది. మిగిలిన నాలుగు కోర్ల మీద మిగతా అందరూ కొట్టుకున్నారు.

మీటరు రీడింగు పద్ధతి

దీనికి విరుగుడు కరెంటు బిల్లులోనే ఉంది. రీడింగ్ తీసే అతను మన ఫ్యాన్ ఆగేదాకా ఆగడు. నెలకోసారి వచ్చి మీటరు చూస్తాడు. ఈసారి రీడింగ్‌లోంచి పోయినసారి రీడింగ్ తీసేస్తాడు. ఫ్యాన్ తిరుగుతున్నా లెక్క తేలిపోతుంది.

లైనక్స్‌లో ఈ మీటరుని సీగ్రూప్ అంటారు. 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నెల్‌తో మొదలైంది. ప్రాసెస్‌లని గుంపులుగా కట్టి, గుంపు మొత్తం ఇప్పటిదాకా ఎన్ని మైక్రోసెకన్ల సీపీయూ వాడిందో ఒక లెక్క నడుపుతూ ఉంటుంది. ఇప్పటి లైనక్స్‌లలో సేవల్ని నడిపించే సిస్టమ్‌డీ, లాగిన్ అయిన ప్రతి మనిషికీ ఒక గుంపు కడుతుంది. అర్ధరాత్రి ప్రతి గుంపు రీడింగ్ చూసి, నిన్నటిది తీసేస్తే ఆ రోజు వాడకం. ఆ సిమ్యులేషన్ కూడా ఏ రోజుకి ఆ రోజు 288 గంటలుగా పంచుకుని కనిపించేది. సోలారిస్‌లోనూ నడుస్తున్న పనికి మధ్యమధ్యలో రికార్డు రాయించే వీలు ఉంది.

అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. మనిషి చివరి సెషన్ కూడా ముగిస్తే అతని గుంపు మాయమవుతుంది, మీటరు దానితోనే పోతుంది. మళ్ళీ లాగిన్ అయితే సున్నా నుంచి కొత్త మీటరు. రీడింగులు రోజుకోసారే తీస్తే, మధ్యాహ్నం వచ్చి సాయంత్రం వెళ్ళినవాళ్ళు తప్పించుకుంటారు. అంటే వచ్చి పోయేవాళ్ళకి పీఅక్ట్ పద్ధతి నయం, పాతుకుపోయినవాళ్ళకి మీటరు నయం. రెండూ పెట్టుకుంటే ఒకే పనిని రెండుసార్లు లెక్కేయకుండా చూసుకోవాలి. పెద్ద కంప్యూటింగ్ కేంద్రాల్లో ఈ గొడవ లేకుండా, స్లర్మ్ లాంటి షెడ్యూలర్ చేతికి పనులిచ్చి, ప్రతి పనికీ ఎన్ని కోర్లు ఎన్ని గంటలు కేటాయించారో అక్కడే రాసుకుంటారు.

పేరు చూసి మనిషిని పట్టొచ్చా

కొందరు లెక్చరర్లకి ఈ చిట్టా నిఘా కెమెరాలా కనిపిస్తుంది. కాదు. కమాండ్ పేరు 15 అక్షరాల దాకా పడుతుంది, అంతే. ఏ ఫైలు తెరిచాడో, కమాండ్ వెనక ఏం రాశాడో ఉండదు. ఒక గేమ్‌ని కాపీ చేసి దానికి వీఐ అని పేరు పెట్టుకుంటే చిట్టాలో ఎడిటర్ వాడినట్టే పడుతుంది. పని ఇంకొకరి చేత చేయిస్తే ఆ ఇంకొకరి ఖాతాలో పడుతుంది. డేటాబేస్‌కి భయంకరమైన క్వెరీ పంపినవాడి పేరు ఎదురుగా ఏమీ ఉండదు, పాపమంతా డేటాబేస్ సర్వర్ ఖాతాకి చుట్టుకుంటుంది. జీపీయూ అనే గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడకం అసలు ఈ 64 బైట్లలో చోటే లేని సంగతి.

అయినా చిన్న తేడా పెద్ద తీగ లాగిన కథ ఒకటి ఉంది. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకి వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా కనిపించింది. ఎవరి ఖాతాకీ చెందని వాడకం. ఆ తీగ పట్టుకుని నెలల తరబడి లాగితే, పశ్చిమ జర్మనీలోని హానోవర్ నుంచి అమెరికా సైనిక కంప్యూటర్లలోకి దూరుతున్న హ్యాకర్ బయటపడ్డాడు. అతను ఆ సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముతున్నాడు. దొంగ పేరు చిట్టా చెప్పలేదు, మొత్తాలు కలవడం లేదని మాత్రమే చెప్పింది. మిగిలింది స్టోల్ ఓపిక.

ఇంతకీ లెక్క పెట్టాలా వద్దా

మా స్టాఫ్ రూమ్‌లో దీని మీద మూడు పక్షాలు తేలాయి. లెక్కలెందుకు, మనిషికి ఇన్ని కోర్లని హద్దు పెట్టేస్తే సరి అన్నది ఒకటి. సీగ్రూప్‌తో అది తేలికే. కానీ హద్దు గట్టిగా పెడితే రాత్రిపూట ఖాళీగా ఉన్న కోర్లు కూడా ఎవరికీ అందవు. పోటీ ఉన్నప్పుడే వాటాలు పంచే పద్ధతి పెట్టుకోవచ్చు, కానీ ఎవరి వాటా ఎంతో తేల్చడానికి మళ్ళీ పాత వాడకం తెలియాలి. రెండో పక్షం, సర్వర్ ఖర్చు విభాగాల మధ్య పంచడానికి లెక్క కావాల్సిందే అంటుంది. మూడో పక్షం పిల్లల వైపు నుంచి మాట్లాడింది. ఎవరు ఏ వేళకి ఏ కమాండ్ కొట్టారో నెలల తరబడి దాచడం దేనికి, మొత్తాలు తీసుకున్నాక అసలు రికార్డులు చెరిపేయొచ్చు కదా అని. నాకు ఈ మాట సబబుగా తోచింది. మొదటి పక్షాన్నీ కొట్టిపారేయలేను, ఎందుకంటే లెక్క ఎంత బాగా పెట్టినా నత్తనడకని ఆపదు.

తలుపు మీది కాగితం మాత్రం మారింది. పేర్లు తీసేసి రోల్ నంబర్లు పెట్టాం. ఒక గడి ఉన్నచోట రెండు పెట్టాం: "లాగిన్ అయి ఉన్న సమయం", "సీపీయూ వాడిన సమయం". కుర్రాడి వరస ఇప్పుడు 61 గంటలు, 3 సెకన్లు అని చదువుకోవచ్చు.

తేలనిది ఇంకొకటి ఉంది. నెలవారీ నివేదిక ఆ 3,456 గంటల్నీ ఆగస్టు ఖాతాలో వేసింది, ముగిసింది ఆగస్టులో కాబట్టి. నిజానికి జులై 31 అర్ధరాత్రి లోపే 2,760 గంటలు అయిపోయాయి, ఆగస్టులో నడిచింది 696. మేడమ్ గారి ప్రాజెక్టు నిధుల గడువు జులైతో ముగిసింది. ఈ 2,760 ఏ పద్దులో చూపించాలని అకౌంట్స్ సెక్షన్ నుంచి నాకు ఇప్పటికి రెండు కాగితాలు వచ్చాయి.